బాయిలర్ కోడి

షెడ్డులో పెంచి ఆరు వారాలకు అటూ ఇటూగా కోతకు వచ్చే మాంసపు కోడిని తెలుగువాళ్లు బాయిలర్ కోడి అంటారు. ఇంగ్లీషు ‘బ్రాయిలర్’ నుంచి వచ్చిన మాట ఇది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వంటి కొత్త జిల్లాలుగా విడిపోయాయి. అయినా ఆ ప్రాంతమంతటా చికెన్ సెంటర్ల దగ్గర వినపడే మొదటి ప్రశ్న ఒకటే: “బాయిలరా, నాటా?” ఈ రెండు పేర్లలో ఒకదాన్ని వదిలి రెండోదాన్ని వివరించలేం. షెడ్డు కోళ్లు రాకముందు వాకిట్లో తిరిగే కోడికి ‘నాటు’ అనే విశేషణంతో పని లేదు. అది ఉత్త కోడి. కొత్త పక్షి కొత్త పేరుతో వచ్చాక, పాత పక్షికి కూడా ఒక పేరు తగిలించక తప్పలేదు.

మాట రూపం

మాట మొదటి అక్షరం కింద ఉండే రకారాన్ని జారవిడవడం తెలుగు నోటికి ఎప్పటినుంచో అలవాటు. క్రింద కింద అయింది, ప్రొద్దు పొద్దు అయింది, బ్రతుకు బతుకు అయింది. ఉత్తర తెలంగాణలో ప్రాణం పానమే. ఈ ప్రాంతపు పెద్ద పండుగ బతుకమ్మ పేరు కూడా ఆ దారినే వచ్చింది. ‘బ్రాయిలర్’ లోని రకారం పోయి ‘బాయిలర్’ మిగలడానికి ఈ అలవాటు ఒక్కటే చాలు. హిందీ మాట్లాడేవాళ్లు కూడా ‘బాయిలర్ ముర్గా’ అంటారు కాబట్టి ఇది ఒక్క తెలుగుకే పరిమితమైన మార్పు కాదు.

ఉత్తర తెలంగాణలో దీనికి మరో ఊతం కూడా దొరికిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బాయిలర్ అనే మాట కోడి కంటే ముందే ఇక్కడి జనానికి తెలుసు. నిజాం కాలంలో, 1938లో ఏర్పడిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్ల కాగజ్‌నగర్ ప్రాంతానికీ, థర్మల్ విద్యుత్ కేంద్రాల వల్ల రామగుండం ప్రాంతానికీ ఆవిరి బాయిలర్లు పరిచయం. కరీంనగర్, పెద్దపల్లి వైపు వడ్లను ఉడకబెట్టి ఆడించే మిల్లుల వల్ల ‘బాయిల్డ్ రైస్’ అనేది రైతు నోట రోజువారీ మాటగా మారింది. నాలుకకు అప్పటికే అలవాటైన మాట పక్కనే ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన ‘బ్రాయిలర్’ దానిలో కలిసిపోవడం సహజం.

అసలు అర్థం

ఇంగ్లీషులో ‘బ్రాయిల్’, ‘బాయిల్’ వేరు వేరు కుదుళ్ల మాటలు. మొదటిది పాత ఫ్రెంచిలో కాల్చడమనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. రెండోది నీటిలో బుడగలు రావడాన్ని తెలిపే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. అమెరికన్ వంటింట్లో బ్రాయిల్ చేయడమంటే చుక్క నీళ్లు లేకుండా మంట సెగను నేరుగా మాంసానికి తగిలించడం. అలా వండితే ముదురు మాంసం తోలులా బిగుసుకుపోతుంది కాబట్టి ఆ వంటకు లేత కోడే కావాలి. అలాంటి లేత కోడికి పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో అమెరికాలో ‘బ్రాయిలర్’ అనే పేరు స్థిరపడింది. అంటే ఆ పేరు మొదట జాతిని గానీ షెడ్డును గానీ చెప్పలేదు. ఈ కోడిని ఎలా వండాలో చెప్పింది.

కోళ్లను వంట పద్ధతిని బట్టి పిలిచే ఆనవాయితీ అమెరికా వ్యవసాయ శాఖ వర్గీకరణలో నేటికీ ఉంది. పది వారాల లోపుది బ్రాయిలర్ లేదా ఫ్రయ్యర్, కొంచెం పెద్దది రోస్టర్, గుడ్లు పెట్టడం అయిపోయిన ముదురు పెట్ట స్టూయింగ్ హెన్. ఆ చివరి రకాన్నే బ్రిటన్‌లో ‘బాయిలింగ్ ఫౌల్’ అనీ, పొట్టిగా ‘బాయిలర్’ అనీ అనేవారు. గంటల తరబడి నీటిలో ఉడికితే తప్ప మెత్తబడని కోడి అది. ఇంగ్లీషులో బ్రాయిలర్ ఒక కొసన ఉంటే బాయిలర్ ఇంకో కొసన ఉంది. తెలుగులో ఆ రెండో కొస పేరు మొదటి కొస పక్షికి అంటుకుంది. ఇంగ్లీషు లెక్కన చూస్తే బాయిలర్ అనిపించుకోవాల్సినది మన ముదురు నాటు పెట్టే. దీన్ని తప్పు వాడుక అని దిద్దడం అనవసరం. జనం నోట యాభై ఏళ్లుగా ఒకే పక్షిని చూపిస్తున్న మాట దాని పని అది చేస్తూనే ఉంది. కానీ వంట చేసేవాళ్లకు ఈ తేడా వెనకున్న జ్ఞానం కావాలి. ఆ సంగతి కింద వస్తుంది.

కోడికి ఇలా చిత్రమైన వంట పేర్లు పడటం ఇతర చోట్ల కూడా ఉంది. ఇంగ్లీషులో ‘స్పాచ్‌కాక్’ అంటే వెన్నెముక తీసేసి, రొమ్ము మీద నొక్కి, పుస్తకం తెరిచినట్టు పరిచి కాల్చిన కోడి. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రాన్సిస్ గ్రోస్ తన వాడుక మాటల నిఘంటువులో దీన్ని ఐరిష్ వంటకమన్నాడు. ‘డిస్పాచ్ కాక్’, అంటే చప్పున ముగించే కోడి అనేదాని పొట్టిరూపమని రాశాడు. అదే పద్ధతిలో వండిన కోడికి మన దేశంలోని ఇంగ్లీషువాళ్లు ‘సడెన్ డెత్’ అని పేరు పెట్టారు. యూల్, బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు (1886) ఈ మాటను నమోదు చేసింది. బాటసారి డాక్ బంగళాలో అడుగుపెట్టగానే పెరట్లో కోడిని పట్టేవారట. అతను స్నానం చేసి బట్టలు మార్చుకునేలోపు అది పళ్లెంలోకి వచ్చేదట. ఈ రెండు పేర్లూ తొందరలోంచి పుట్టినవే. ఉత్తర తెలంగాణలో చుట్టం వస్తే కోడి కోయడం కూడా అంతే పాతది గానీ, ఇక్కడి మర్యాద తొందరలో లేదు. కోడి ఉడికేదాకా చుట్టాన్ని కూర్చోబెట్టి ముచ్చట పెట్టడంలో ఉంది.

కోడి, కోర్

విశేషణాలు తీసేస్తే మిగిలే ‘కోడి’ మాత్రం చాలా పాత మాట. తమిళ, మలయాళాల్లోని ‘కోళి’, తుళులోని ‘కోరి’ దీని తోబుట్టువులే. ఆదిలాబాద్ అడవుల్లో ఈ బంధుత్వం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. అక్కడి గోండులు, కొలాములు తమ తమ భాషల్లో కోడిని ‘కోర్’ అంటారు. బరో, ఎమెనో తమ ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో (1961, పెంచిన కూర్పు 1984) ఈ మాటలన్నింటినీ ఒకే పద్దు కింద చేర్చారు. ఉట్నూరు సంతలో తెలుగు రైతు ‘కోడి’ అని అమ్మేదాన్ని గోండు ఇల్లాలు ‘కోర్’ అని కొంటుంది. ఇద్దరి మాటా వేల ఏళ్ల కింద ఒకే మాట.

పాత తెలుగులో ‘ఊరకోడి’ అనే మాట ఉంది. ఊరపిచ్చుక, ఊరకుక్క లాగే ఇక్కడ కూడా ‘ఊర’ అంటే ఊళ్లో ఉండేదని. దానికి ఎదురు మాట అడవికోడి. అంటే కోడికి విశేషణం అవసరమైన పాత సందర్భం అడవికీ ఊరికీ నడుమ గీత గీయడం. ఆ గీత ఈ ప్రాంతంలో నిజంగా ఉంది. ఎర్ర అడవికోడి దక్షిణపు ఎల్ల, బూడిద రంగు అడవికోడి ఉత్తరపు ఎల్ల దగ్గరికొచ్చే చోట్లలో గోదావరి పరిసర అడవులు ఒకటి. ప్రపంచంలోని పెంపుడు కోళ్లన్నిటికీ ప్రధాన పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. అయితే పసుపు రంగు చర్మాన్ని ఇచ్చే జన్యువు మాత్రం దక్షిణ భారతపు బూడిద అడవికోడి నుంచి కలిసిందని 2008లో వచ్చిన పరిశోధన తేల్చింది. అడవికోళ్లను వేటాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

‘నాటు’ అనేది ‘నాడు’కు సంబంధించిన మాట. నాటు వైద్యం, నాటు సారా అన్నప్పటిలాగే మా నాటిది, ఇక్కడిది అని అర్థం. తమిళంలోనూ ‘నాట్టుక్కోళి’ అనే అంటారు. ఉర్దూ కలిసిన ఊళ్లలో దీన్నే దేశి కోడి అంటారు. అడవికి ఎదురుగా ‘ఊర’ నిలబడినట్టే, షెడ్డుకు ఎదురుగా ‘నాటు’ నిలబడింది.

పక్షి ఎక్కడిది

బాయిలర్ కోడి పరాయి పక్షి అనుకుంటారు. దాని వంశంలో ఒక పాయ మాత్రం మన పందెం కోడిదే. పందెం కోడి జాతి పేరు అసీల్. అరబ్బీ మూలమున్న ఆ మాటకు మేలుజాతిది అని అర్థం. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు దాని నెలవు. పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలో బెంగాల్ సైన్యంలో పనిచేసిన వాల్టర్ గిల్బర్ట్ అనే సైనికాధికారి తన సొంత ప్రాంతమైన కార్న్‌వాల్‌లో అసీల్ కోళ్లను ఇంగ్లీషు పందెం కోళ్లతో కలిపాడని చెబుతారు. అలా పుట్టిన జాతికి మొదటి పేరు ‘ఇండియన్ గేమ్’, తర్వాతి పేరు కార్నిష్. పోట్లాటలో దిట్ట కావాలనే ఆ సంకరం చేశారు గానీ, పుట్టిన కోడికి రొమ్ము కండ విపరీతంగా పెరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్లు కార్నిష్‌ను ప్లిమత్ రాక్ జాతితో కలిపి నేటి మాంసపు కోడికి పునాది వేశారు.

ఈ వ్యాపారం మొదలైన తీరు ప్రసిద్ధం. 1923లో డెలవేర్ రాష్ట్రంలో సెసిల్ స్టీల్ అనే గృహిణి గుడ్ల కోసం యాభై పిల్లలు కావాలని రాస్తే పొరపాటున అయిదువందలు వచ్చాయి. ఆమె వాటిని తిప్పి పంపకుండా పెంచి మాంసానికి అమ్మింది. అప్పుడు రెండు పౌన్ల బరువు రావడానికి పద్దెనిమిది వారాలు పట్టింది. ఇప్పుడు కరీంనగర్ షెడ్డులో రెండు కిలోలు దాటడానికి అయిదారు వారాలు చాలు. ఏపుగా పెరిగే పక్షులను తరతరాలుగా ఏరడం, మేత, మందులు, షెడ్డు కట్టే తీరు కలిసి తెచ్చిన మార్పు అది. దీని వేగానికి హార్మోను సూదులే కారణమని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. వేల కోళ్లకు రోజూ సూదులు పొడవడం జరిగే పనీ కాదు, గిట్టే పనీ కాదు. అడగాల్సిన అసలు ప్రశ్న యాంటీబయోటిక్‌ల విచ్చలవిడి వాడకం గురించి.

మన దేశంలో ఈ పరిశ్రమను నిలబెట్టిన వారిలో ముందు చెప్పుకోవాల్సింది తెలుగువాడైన బండా వాసుదేవరావు పేరు. హైదరాబాద్ ప్రాంతంలో కోళ్ల పెంపకంతో మొదలుపెట్టి 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు. 1982లో గుడ్ల రైతులకు ధర దక్కడం కోసం నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడటంలో ఆయనదే ముఖ్య పాత్ర. తమిళనాడు కంపెనీలు 1990లలో వ్యాప్తి చేసిన ఒప్పంద పెంపకం తర్వాత తెలంగాణకూ వచ్చింది. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కాయకష్టం రైతువి. పెరిగిన కిలోకు ఇంత అని రైతుకు కూలి కడతారు. ధర పడిపోతే దెబ్బ కంపెనీకి తగులుతుంది, పెరిగితే లాభమూ దానికే పోతుంది. ఎండాకాలం కోళ్లు రాలితే మాత్రం రైతు కష్టం పోయినట్టే.

మేత సంగతిలో ఈ ప్రాంతానికి ప్రత్యేక స్థానం ఉంది. కోళ్ల దాణాలో ఎక్కువ భాగం మక్కలు, ఆ తర్వాత సోయా చెక్క. మక్కలు జగిత్యాల, కరీంనగర్ చేలలో పండుతాయి. సోయా ఆదిలాబాద్, నిర్మల్ నల్లరేగళ్లలో పండుతుంది. బాయిలర్ కోడి ఈ నేల పంటను తినే బతుకుతుంది.

కోడి అమ్మకం పుకార్లకు ఎంత తొందరగా పడిపోతుందో రెండు సందర్భాలు చూపించాయి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడింది. 2020 మొదట్లో కోడి తింటే కరోనా వస్తుందన్న అబద్ధం పాకింది. రెండో దెబ్బకు ధర ఎంత కుంగిందంటే, ఆ ఫిబ్రవరి చివర తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. నాటుకోళ్ల శత్రువు వేరే. అది కొక్కెర తెగులు, పశువైద్యులు రాణిఖేత్ అంటారు. టీకా వేయని పల్లెలో అది వస్తే వాకిళ్లన్నీ ఖాళీ అవుతాయి.

పొయ్యి మీద

రెండు కోళ్ల తేడా పూర్తిగా బయటపడేది పొయ్యి మీదే. నాటుకోడిని కోసి ఈకలు పీకాక మంట మీద కాలుస్తారు. పూర్వం వరిగడ్డి మంట, ఇప్పుడు దుకాణంలో గ్యాసు మంట. సన్నటి నూగు కాలిపోయి తోలు బిగుసుకుని లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు పసుపు పట్టించి రుద్ది కడిగి, తోలుతోనే తునకలు కొడతారు. ఈ కాల్చడం శుభ్రత కోసమే మొదలై ఉండొచ్చు గానీ, కూరకు వచ్చే పొగ వాసన, తోలు కమ్మదనం దానివల్లే వస్తాయి. తోలు తీసేసిన నాటుకోడి కూరను ఉత్తర తెలంగాణ పెద్దవాళ్లు కూర కిందే లెక్కపెట్టరు. వాళ్ల మాటే సరైనది. ఆ పక్షిలో కొవ్వు ఎక్కువగా ఉండేది తోలు కిందనే.

కూర వండటాన్ని చెప్పే మాటల్లో ముఖ్యమైనది గోలిచ్చుడు. నూనెలో ఉల్లిగడ్డ గోలిచ్చి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు వేసి, తునకలు వేసి వాటి నీరు వాటిలోనే ఇంకేదాకా తిప్పడం. ఇది ఉత్త వేపుడు కాదు, ఉడకబెట్టడమూ కాదు. మాంసం ముందు తన నీటిని వదులుతుంది, ఆ నీరు ఇంకాక నూనె తేలుతుంది, అప్పుడు తునక అంచులు రంగు తిరుగుతాయి. కారం, ఉప్పు ఆ తర్వాత పడతాయి. ఆపైన నీళ్లు పోసి మూత పెడతారు. దించే ముందు ధనియాల పొడి, నూరిన కుడుక, గసగసాలు, గరం మసాలా, కొత్తిమీర వేస్తారు. గోలిచ్చుడు సరిగా కాకుండా నీళ్లు పోస్తే తర్వాత ఎంత మసాలా వేసినా ఆ లోటు తీరదు. ఈ కూరలో పలుచటి రసాన్ని షేర్వ అంటారు, ఉర్దూ ‘షోర్బా’ నుంచి వచ్చిన మాట. దీనికి తోడుగా దావతుల్లో పెట్టే బగారన్నం పేరు కూడా ఉర్దూ వంటింటిదే. ‘బఘార్’ అంటే పోపు.

లేత పుంజు ముప్పావుగంటలో ఉడికితే ముదురు పెట్టకు గంట దాటుతుంది. కారణం కండరాల మధ్య ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు. కోడి వయసు పెరిగేకొద్దీ దాని పోగుల మధ్య ముడులు గట్టిపడతాయి. నీటిలో, 70 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో చాలాసేపు ఉంటేనే అవి విడి జిలటిన్‌గా కరుగుతాయి. షేర్వకు చిక్కదనం, పెదవులకు అంటుకునే జిగురు అక్కడినుంచే వస్తాయి. తిరిగి తిరిగి మేత వెతుక్కున్న కోడి తొడ కండలో రక్తవర్ణ పదార్థం మయోగ్లోబిన్ ఎక్కువ కాబట్టి ఆ తునకలు నల్లగా ఉంటాయి.

బాయిలర్ కోడి అయిదారు వారాల పిల్ల. దాని కొల్లాజెన్‌కు ముడులు పడే వయసు రాలేదు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో ఉడుకుతుంది. నాటుకోడిలా గంటసేపు పొయ్యి మీద ఉంచితే పోగులు విడిపోయి తునక చెదురుతుంది, షేర్వకు మాత్రం చిక్కదనం రాదు. తనలో నీరు ఎక్కువ కాబట్టి పైన నీళ్లు పోయాల్సిన అవసరం తక్కువ. దానికి సరిపోయేవి పెద్దమంట మీద తొందరగా అయ్యే వేపుళ్లు, నిప్పుల మీద కాల్పులు, బిర్యానీలు. మద్రాసు బుహారీ హోటల్‌తో ముడిపెట్టి చెప్పే చికెన్ 65 గానీ, హైదరాబాద్ హోటళ్ల చికెన్ మెజెస్టిక్ గానీ లేత కోడి లేకపోతే అయ్యే వంటలు కావు. అంటే ‘బ్రాయిలర్’ అనే మాట మొదట ఇచ్చిన సలహాయే ఇప్పటికీ సరైనది: ఇది కాల్చుకోవాల్సిన కోడి. పేరు బాయిలర్‌గా మారినంత మాత్రాన దాన్ని ఉడకబెడుతూ కూర్చోవద్దు. ఏ కోడి అయినా లోపలి వేడి 74 డిగ్రీలు దాటాలన్న ఆరోగ్య నియమం మాత్రం రెండింటికీ ఒకటే.

వడ్డించేటప్పుడు తునకల పేర్లకు లెక్క ఉంటుంది. కాలు పిల్లలకో అల్లుడికో వెళ్తుంది. కందనకాయ, కార్జం ఎవరికి పడ్డాయో అందరూ గమనిస్తారు. సిరిసిల్ల ప్రాంతపు జీవితాన్ని చూపించిన ‘బలగం’ (2023) సినిమాలో బావాబామ్మర్దుల మధ్య ఏళ్ల తరబడి మాటలు లేకపోవడానికి మూలం విస్తట్లో పడని నల్లి బొక్క. అది మేకమాంసమే అయినా తునక వెనకున్న మర్యాద అదే. బాయిలర్ కోడి ఈ లెక్కను కొంత సడలించింది. కిలోల కొద్దీ ఒకే తీరు తునకలు వచ్చే కూరలో ఎవరి వంతు ఏదో గుర్తుపట్టే పని లేదు.

అంకాపూర్

ఉత్తర తెలంగాణలో ఒక ఊరి పేరే కోడికూర పేరుగా మారింది. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దగ్గర, నిజామాబాద్ వైపు వెళ్లే దారిలో ఉన్న అంకాపూర్ మొదట విత్తనాల ఊరిగా పేరుపొందింది. జొన్న, సజ్జ, మక్క విత్తనాలు, పసుపు పండించి సంపన్నమైన పల్లె అది. పంటలు చూడటానికి, విత్తనాలు కొనడానికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువ. ఇళ్లలో వండి ఇచ్చే నాటుకోడి కూర అలా బయటివాళ్ల నోట పడింది. పద్ధతి సూటిగా ఉంటుంది. ముందుగా చెప్పాలి. కోడి మొత్తాన్ని వండి, అన్నంతో కలిపి ఇస్తారు. కిలో, ప్లేటు లెక్క లేదు, కోడి లెక్కే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే జాతీయ రహదారి ఆర్మూర్ మీదుగా పోవడం ఈ పేరుకు బాగా కలిసొచ్చింది.

ఇప్పుడు కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో ‘అంకాపూర్ చికెన్’ అని బోర్డు కనిపిస్తే దానర్థం ఆ ఊరి నుంచి వచ్చిన కోడి అని కాదు. కాల్చి, తోలుతో కొట్టి, ఎక్కువ కారంతో, మసాలా తక్కువగా గోలిచ్చి వండిన నాటుకోడి కూర అని. ఊరి పేరు వంట తీరుకు గుర్తుగా మారింది.

మొక్కు

దేవతల దగ్గర రెండు కోళ్లు సమానం కావు. పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు మొక్కు కోడి అంటే నాటుదే అన్నది ఇంకా బలంగా ఉన్న వాడుక. వేములవాడలో రాజన్నకు కట్టేది కోడె మొక్కు. ఆ కోడె కోడి కాదు, ఎద్దు. దర్శనమయ్యాక అక్కడి బద్ది పోచమ్మకు బోనంతో పాటు సమర్పించేది కోడి. మేడారం జాతరలో గద్దెకు వచ్చే తల్లికి ఎదురుగా ఎగరేసే ఎదురుకోడి సంగతి ములుగు అవతలి నుంచి వచ్చే భక్తులందరికీ తెలుసు. గోండు పల్లెల్లో పెన్‌లనే తమ దేవుళ్లకు, ఊరి కాపు దేవతలకు కోడి బలి ఉంది. 1940ల నుంచి ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రచనల్లో ఈ బలుల వివరాలు విస్తారంగా దొరుకుతాయి. ఎగరగలిగే, కూయగలిగే, రంగును బట్టి ఎంచుకోగలిగే పక్షి మొక్కుకు కావాలి. తెల్లగా ఒకే తీరుగా ఉండే షెడ్డు కోడి ఆ పనికి రాదు.

నడిమి రకాలు

నాటుకోడి ఏడాదికి అరవై డెబ్బై గుడ్లు పెడుతుంది. కిలోన్నర బరువు రావడానికి అయిదారు నెలలు తీసుకుంటుంది. రేటు బాయిలర్ కంటే బాగా ఎక్కువ. ఈ ఎడాన్ని పూరించడానికి పరిశోధన సంస్థలు పెరటి పెంపకానికి తగిన రకాలు తయారుచేశాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను ఇచ్చింది. రాజశ్రీ అనే రకాన్ని పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసింది. ఇవి రంగురంగుల ఈకలతో ఉంటాయి, వాకిట్లో తిరిగి బతకగలవు, నాటుకోడి కంటే తొందరగా బరువు పెరుగుతాయి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా నుంచి వచ్చిన, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన కడక్‌నాథ్‌ను కూడా ఈ ప్రాంతంలో కొందరు పెంచుతున్నారు. దాని మాంసం, ఎముకలు నల్లగా ఉంటాయి.

ఈ నడిమి రకాల వల్ల బోర్డు మీది ‘నాటుకోడి’ అనే మాటకు హద్దు చెరిగింది. రంగు ఈకలు చూసి నాటు అనుకుని కొనేవాళ్లు ఎక్కువ. పల్లె పెద్దలు చూసేవి వేరు. రొమ్ము ఎముక కొస నొక్కితే వంగకుండా గట్టిగా ఉండాలి. పుంజుకు కాలి వెనక ముల్లు తేలి ఉండాలి. కాళ్లు సన్నగా, పొలుసులు గరుకుగా ఉండాలి. ఛాతీ కంటే తొడలు బలంగా కనిపించాలి. మూడు నెలలకే అమ్మిన వనరాజ అయితే అరగంట దాటగానే మెత్తబడుతుంది. ఏడాది దాటిన నాటు పెట్ట అయితే నీళ్లు రెండుసార్లు పోయాల్సి వస్తుంది, మూత తీసి తొడ తునకను గరిటెతో నొక్కి చూసేదాకా పొయ్యి ఆర్పకూడదు.